అవతారశబ్ద విచారము

అవతారశబ్దమును వినని తెలుఁగువాఁడు లేఁడు. పురాణశ్రవణమునందును, దేవాలయ గోపురములమీఁదను, బాలుర వాచకములయందును ఈ శబ్దము మనకు నిత్యపరిచితము. మిక్కిలి పరిచితమగుటయే దీనికిఁ గలిగిన యనర్థము. తెలిసినదనుకొన్న శబ్దమును మరల విచారించువా రరుదు. ఈ వ్యాసమున నా శబ్దమును వ్యాకరణమార్గమునఁ బరీక్షించి, తద్ద్వారమున నవతారతత్త్వమును గూర్చి వాడుకపడియున్న కొన్ని యభిప్రాయములను విమర్శింపఁ దలఁచితిని.

ఈ విచారమునకుఁ గారణమైనవాఁ డొక విద్యార్థి. వామనచరిత్రము పాఠము జరుగుచుండఁగా వాఁడు లేచి, "గురువుగారూ! భగవంతుఁడు సర్వవ్యాపి యని ప్రహ్లాదచరిత్రమునఁ జదివితిమి. స్తంభమునందు సైత మున్నవాఁడు ఎచ్చటినుండి యెచ్చటికి దిగివచ్చెను?" అని యడిగెను. నేను ముప్పదియేండ్లుగాఁ జెప్పుచున్న యుత్తరమునే చెప్పితిని: "అవతరణమే యవతారము, వైకుంఠమునుండి భూమికి దిగుట." వాఁడు వినయముతోఁ గూర్చుండెను గాని వాని ముఖమున సంశయము తీఱలేదు. ఇంటికిఁ బోయి పుస్తకములు విప్పి చూడఁగా, లోపము వాని బుద్ధియందుఁ గాదు, నా యుత్తరమునందే యున్నదని తేలినది.

శబ్దసిద్ధి

తౄ ధాతువునకు దాఁటుట, తరించుట యర్థము. 'అవ' యను నుపసర్గము చేరఁగా దిగుట యర్థమగును. ఇంతవఱకు వివాదము లేదు. వివాదమంతయుఁ బ్రత్యయమునందున్నది. ౠకారాంతములును ఉవర్ణాంతములునగు ధాతువులకు భావార్థమునఁ బాణిని 'అప్' ప్రత్యయమును విధించెను (3-3-57). ఆ సూత్రముచేతనే స్తు ధాతువునకు స్తవమును, లూ ధాతువునకు లవమును సిద్ధించుచున్నవి. కావున దిగుట యను క్రియను జెప్పవలసినచో 'అవతర' మని హ్రస్వముతో నుండవలెను; లేదా ల్యుట్ ప్రత్యయముతో 'అవతరణ' మని యుండవలెను. దీర్ఘముతోడి 'అవతార' మెట్లు వచ్చినది?

సమాధాన మా పాదమునందే ముందున్నది. కరణాధికరణార్థములయందు, అనఁగా దేనిచేత, దేనియందు అను నర్థములయందు, 'అవ' పూర్వకములగు తౄ, స్తౄ ధాతువులకు ఘఞ్ ప్రత్యయమును బ్రత్యేకముగా విధించు సూత్రము గలదు (3-3-120). ఘఞ్ ఞిత్తగుటచే వృద్ధి వచ్చి 'అవతార' మైనది. కాశికావృత్తి యీ సూత్రమునకు అవతార, అవస్తార శబ్దముల నుదాహరించి, నదికిఁ జెందిన యవతారము సంజ్ఞ గాదు గదా, అచ్చట నెట్లు సిద్ధించునని ప్రశ్న వేసికొన్నది. పైనుండి ప్రాయశబ్ద మనువర్తించుటచే సంజ్ఞ కానిచోట సైతము సిద్ధించునని సమాధానము చెప్పికొన్నది. భట్టోజిదీక్షితులు సిద్ధాంతకౌముదియందు బావి మొదలగువాని యవతారమును జూపి, అవస్తారమునకుఁ దెర యని యర్థము వ్రాసిరి. ఒకరికి నది, యొకరికి బావి. ఈ శబ్దము వినఁబడినతోడనే శాబ్దికులకుఁ దోఁచినది నీటికి దిగుచోటు. మన తెలుఁగున దానిని రేవందుము.

కావ్యాలంకారసూత్రవృత్తిని రచించిన వామనుఁ డీ విషయమున మొగమోటము లేక పలికెను. అవతరశబ్దమును దీర్ఘముతోను, అపచాయశబ్దమును హ్రస్వముతోను దాఱుమాఱు చేసి వాడుట బాలుర పని యని శబ్దశుద్ధిప్రకరణమునందలి యాతని సూత్రమునకుఁ దాత్పర్యము. ఇది చదివినప్పుడు నాకు నవ్వును సిగ్గును నొక్కమాఱే కలిగినవి. తరగతిలోఁ బ్రశ్న యడిగినవాఁడు వయసుచే బాలుఁడు. ఉత్తరము చెప్పిన నేను వామనుని లెక్కచొప్పున బాలుఁడను.

నిఘంటువులు నీ మార్గమునే చూపుచున్నవి. మేదినీకోశము తీర్థశబ్దమునకు శాస్త్రము, క్షేత్రము, ఉపాయము, ఉపాధ్యాయుఁడు మొదలగు పెక్కర్థములను జెప్పుచు నందు నవతారమును సైతము చేర్చినది. తీర్థశబ్దమును తౄ ధాతువునకే ఉణాదులలోని థక్ ప్రత్యయము చేరఁగా నేర్పడినది. ఒక్క ధాతువునఁ బుట్టిన యీ రెండు శబ్దములును మొదట నొక్క రేవునందే నిలిచియుండి, తరువాతఁ దీర్థము యాత్రికుల నోటికిని, అవతారము పౌరాణికుల నోటికిని నెక్కినవి.

ఒక యాక్షేపము

ఇందుపై విద్వాంసు లిట్లనవచ్చును: "అవయవార్థముకంటె రూఢి బలవత్తరము. కుశలశబ్దమును విని దర్భలు తెచ్చువానిని స్మరించువాఁ డెవఁడు? అట్లే యవతారశబ్దము భగవంతుని జన్మమునందు రూఢమైనది. దానికి రేవును దెచ్చి తగిలించుట శాబ్దికుల చాపల్యము."

ఆక్షేపము బలమైనదే. రూఢిని నేను గాదనను. కావ్యములందును బురాణములందును ఈ శబ్దము భావార్థమున సైతము వాడఁబడినదనియు, బహులగ్రహణము నాశ్రయించి దానిని సాధింపవచ్చుననియు నెఱుఁగుదును. కాని రూఢి రెండు విధములు. అవయవార్థమును బొత్తిగా విడిచినది యొకటి. అవయవార్థమును దనలో నిలుపుకొని దానిని సంకోచింపఁజేసినది మఱియొకటి. పంకజశబ్దము తామరయందు రూఢమైనను బురదయందుఁ బుట్టుట యను నర్థ మందుండి తొలఁగలేదు. అవతారశబ్ద మీ రెండవ తెగకుఁ జెందినదని నా పక్షము.

ఇందుకు మన తెలుఁగు కావ్యములే మొదటి సాక్ష్యము. ప్రబంధమున కథారంభమునకు ముందుండు భాగమును, ఇష్టదేవతాస్తుతియుఁ, గవిస్తుతియుఁ, గృతిపతి వంశవర్ణనమును గల దానిని, మనము 'అవతారిక' యందుము. శాస్త్రగ్రంథములయందు శ్లోకమునకు ముందు వ్యాఖ్యాత వ్రాయు మాటలును 'అవతారిక' యే. ఇచ్చట దిగువాఁ డెవఁడు? కవి దిగుట లేదు. కావ్యము దిగుట లేదు. చదువరి కావ్యములోనికి దిగుచున్నాఁడు. అవతారిక వానికి మెట్టు. ఈ శబ్దమును నిత్యము వాడుచు దాని తోఁబుట్టువగు నవతారశబ్దమును మాత్రము వేఱుగా నర్థముచేసికొనుట మనకు వింతగాఁ దోఁపకపోవుట యలవాటుచేతనే.

మఱియొక సందేహమును దాఁచరాదు. సూత్రము కరణమును, అధికరణమును జెప్పినదే గాని కర్తను జెప్పలేదు. మెట్లమీఁద దిగువాఁడు భగవంతుఁడా, భక్తుఁడా? వ్యాకరణ మిచ్చట మౌనము వహించినది. ఆ మౌనము దోషము గాదు. మెట్లు దిగుటకును నెక్కుటకును నొక్కటే; అవి యున్నచోటనే యిరువురి కలయిక. అయితే యొకటి నిశ్చయము: మత్స్యరూపము గాని వామనరూపము గాని దిగుట గాదు, దేనిచేత దిగుట జరుగునో యది. వ్యాకరణ మింతవఱకు ద్వారమును జూపును. లోపలి వస్తువును గ్రంథములే చూపవలెను.

గ్రంథసాక్ష్యము

అవతారకథలకు వేదమునందే మూలములు గలవు గాని, ఆ కథలయం దీ శబ్దము గానరాదు. శతపథబ్రాహ్మణమున మనువును జలప్రళయమునుండి కాపాడిన మత్స్యము గలదు (1-8-1). అది విష్ణువని యచ్చటఁ జెప్పఁబడలేదు. కూర్మరూపమును దాల్చినవాఁ డచ్చటఁ బ్రజాపతి (7-5-1). భూమిని బైకెత్తిన ఏమూషమను వరాహమును నా బ్రాహ్మణమునందే యున్నది (14-1-2). విష్ణువు వామనుఁడై యుండెనను మాట మాత్రము విష్ణుపరముగానే గలదు (1-2-5): దేవతలు యజ్ఞరూపుఁడగు నాతనిని ఛందస్సులచేఁ బరివేష్టించి, యా యజ్ఞముచేతనే భూమినెల్లఁ బడసిరి. వామనుని మూలముగాఁ దక్కినవారు భూమిని బడయుట యను నర్థము నిచ్చటనే గుర్తింపవలెను.

భగవద్గీత చతుర్థాధ్యాయ మవతారవాదమునకు మూలకందమని యందఱు నందురు. ఆ యధ్యాయమునఁ గాని గీత యంతటఁ గాని అవతారశబ్దము లేదు. అచ్చటఁ గలవి జన్మశబ్దమును, సంభవించుట, సృజించుకొనుట యను నర్థముగల క్రియలును. తన జన్మము దివ్యమని భగవానుఁడు చెప్పెనే గాని దిగితి ననలేదు. మహాభారత శాంతిపర్వమునందలి నారాయణీయమునను, హరివంశమునను బ్రధానముగా వాడఁబడినది ప్రాదుర్భావశబ్దము. అంతకుముందున్నదియే కంటికిఁ గనఁబడుట దాని యర్థము. పరము, వ్యూహము, విభవము, అంతర్యామి, అర్చ యని భగవద్రూపమును బంచవిధముగా విభజించిన పాంచరాత్రులకు విభవశబ్దము ప్రియము. అది యిందాఁకఁ జెప్పిన అప్ ప్రత్యయముతోనే సిద్ధించును. జన్మము, ప్రాదుర్భావము, విభవము అను మూఁడును జరిగినదానిని జెప్పు శబ్దములు. తరువాత పురాణములు మిక్కుటముగా గ్రహించిన యవతారశబ్ద మొక్కటియే సాధనమును జెప్పఁగల శబ్దము. పూర్వశబ్దములు మూఁడుండఁగా నీ నాలవశబ్ద మేల ప్రబలినదని విచారించువారి కిది గమనింపఁదగిన విషయము.

భాగవత ప్రథమస్కంధ తృతీయాధ్యాయమున సూతుఁ డిరువదిరెండవతారములను లెక్కించి, యంతటితో లెక్క ముగింపక, యెండిపోని సరస్సునుండి వేలకొలఁది కాలువలు వెడలునట్లు హరియవతారము లసంఖ్యాకములని చెప్పినాఁడు. అగ్నినుండి వెడలు విస్ఫులింగము లుపనిషత్తులకుఁ బ్రియమైన యుపమానము. దానిని విడిచి యీతఁడు కాలువను గ్రహించెను. రవ్వ నిప్పునుండి విడివడి యెగిరిపోవును. కాలువ సరస్సును విడువదు. సరస్సు తన స్థానమును మార్చుకొనదు. దూరముననున్న చేనికి నీరందును. నా విద్యార్థి ప్రశ్నకు సూతుఁడే పూర్వమే యుత్తరము చెప్పియుండఁగా, నేను జూడనైతిని.

భాష్యకారులు సిద్ధాంతములయందు భిన్నులైనను నిచ్చట నొక్క వస్తువునే కాపాడుచున్నారు. శంకరభగవత్పాదులు గీతాభాష్యారంభమున భగవంతుఁడు పుట్టినవానివలె, దేహము గలవానివలెఁ గనఁబడునని 'వలె' యను మాటను విడువక వాడిరి. శ్రీరామానుజులు 'వలె' నంగీకరింపరు. జన్మము సత్యమే, కాని కర్మవశమునఁ గలిగినది గాదు, స్వేచ్ఛచేఁ దన స్వభావమును విడువకయే కలిగినది యందురు. ఒకరు రూపమును బలుచన చేసి స్వరూపమును గాపాడిరి. ఒకరు రూపమును దివ్యము చేసి స్వరూపమును గాపాడిరి. స్వరూపమునకు స్థానచలనమును జెప్పినవారు మాత్ర మిరువురిలో నెవ్వరును లేరు. 'వైకుంఠమునుండి భూమికి దిగుట' యని బాలురకుఁ జెప్పుచున్న మన యుత్తర మే సిద్ధాంతమునకు సరిపడునో మనమే విచారించుకొనవలెను.

రెండు దురన్వయములు

ఆంగ్లగ్రంథములను జదివినవారు అవతారమునకు 'ఇన్కార్నేషన్' అను పదమును బర్యాయముగా వ్రాయుదురు. ఆ పదము లాటిను భాషయందు మాంసవాచకమగు ప్రాతిపదికనుండి పుట్టినది. దైవము మాంసమయ దేహమును బొందుట దాని యర్థము. క్రైస్తవసిద్ధాంతమున నది యొక్కమాఱే జరిగిన విషయము, ఆ మతమునకుఁ బ్రాణభూతమైన విషయము. అచ్చట నా పదము సార్థకము. మన నృసింహునకో, తల్లి లేదు, గర్భవాసము లేదు, బాల్యము లేదు. వచ్చిన కార్య మొక సాయంసంధ్యలో ముగిసినది. మోహినియు నట్టిదే. మాంసమును బ్రధానము చేసికొన్న పదముతో వీరిని గొలిచినచో వీ రరకొఱ దేవతలుగాఁ గనఁబడుదురు. కొలఁత తప్పినది గాని వస్తువు తప్పలేదు. ఒక మతముయొక్క ప్రాణపదమును వేఱొక మతమునకుఁ దొడుగుట యుభయులకు నపచారమే.

రెండవది, దశావతారములు జీవపరిణామక్రమమును సూచించుచున్నవను వాదము. మత్స్యము జలచరము, కూర్మ ముభయచరము, వరాహము భూచరము, నృసింహుఁ డర్ధమానవుఁడు, వామనుఁడు పొట్టిమానవుఁడు, పరశురాముఁ డడవిమానవుఁడు అని యీ వాదులు చెప్పుదురు. డార్విను గ్రంథము వెలువడినది 1859లో; ఈ పోలిక దివ్యజ్ఞానసమాజ స్థాపకులలో నొకరగు బ్లావట్స్కీ 1877లోఁ బ్రకటించిన గ్రంథమునందే గలదు. అటుపిమ్మట ననేకులు దీనిని మన పూర్వుల ప్రకృతిశాస్త్రజ్ఞానమునకు నిదర్శనముగాఁ జాటుచున్నారు. పూర్వులయందలి గౌరవముచే నిట్లు చెప్పుదురు గాన వారి యుద్దేశమును నిందింపను. కాని భాగవతమునందలి లెక్కను జూడుఁడు. అచ్చట మొదటివారు సనకాదికుమారులు, రెండవది వరాహము, మూఁడవవాఁడు నారదుఁడు, తొమ్మిదవవాఁడు పృథుచక్రవర్తి, మత్స్యము పదియవది, కూర్మము పదునొకండవది. చక్రవర్తి పుట్టిన పిదపఁ జేఁప పుట్టుట యే పరిణామక్రమము? దశసంఖ్యయందు సైత మైకమత్యము లేదు. జయదేవుఁడు బలరాముని, బుద్ధుని లెక్కించి, కృష్ణుని బది రూపములను దాల్చిన మూలపురుషునిగా నిలిపెను. బలరామకృష్ణుల నిరువురను లెక్కించి బుద్ధుని విడిచిన సంప్రదాయము మఱియొకటి. లెక్క మారుచున్నను బాధ లేకుండుట కొక్కటే హేతువు: ఇది నిచ్చెన గాదు, రేవుల పట్టిక. నిచ్చెనకు వరుస కావలెను. రేవులకు వరుసతోఁ బనిలేదు.

పోతన్న సాక్ష్యము

ఇఁక మన భాగవతమును జూతము. శుక్రాచార్యుఁడు వలదని వారించిన పిదప, యాచకుఁ డెవఁడో యెఱిఁగియు బలి దానమునకు సిద్ధపడుచు, లక్ష్మీదేవి కొప్పునందును మేనియందును విహరించిన యా చేయి క్రిందుగాఁ దన చేయి మీఁదుగా నుండుటకంటె నధికమైన కీర్తి యేమని తలపోసిన పద్యము పండితులకెల్లఁ గంఠస్థము. దీనిని సాధారణముగా దానమహిమకు నుదాహరణముగాఁ జెప్పుదురు. అంతకంటె నిగూఢమైన విషయ మందుఁ గలదు. స్వామి యెంతవఱకు దిగెను? భూమివఱకుఁ గాదు, దానవుని యఱచేతి క్రిందివఱకు. ఆ దిగుడు మూలముననే దానవుని చేతి కౌన్నత్యము గలిగినది. దిగినవాని గౌరవమునకు లోపము రాలేదు. ఎక్కినవానికి మాత్రము లాభము గలిగినది. ఇదియే కరణార్థము.

పిమ్మట వటువు పెరుగుట. ఆ ఘట్టమున పోతన్న వామనుని మేని కొలఁతలను జెప్పక, సూర్యబింబమును జూపెను. మొదట నది గొడుగు, పిదప శిరోరత్నము, అటుపిమ్మటఁ జెవికి భూషణము, కంఠాభరణము, భుజభూషణము, కంకణము, మొలగంట, అందె, తుదకుఁ బాదపీఠము. తొమ్మిది తావులు. పద్యమునఁ దావుతావునకును దిగుచున్నట్లు కనఁబడినది సూర్యుఁడు. నిజమునకు సూర్యుఁడు తన చోటనే యున్నాఁడు. చూచువాని దృష్టి యా బింబమును బట్టుకొని శిరస్సునుండి పాదములవఱకు దిగినది. అట్లు దిగినకొలఁది స్వామి మహత్త్వము తెలియుచున్నది. ఈ పద్యమును వర్ణనాచమత్కృతికై మెచ్చుకొని విడుచుట యన్యాయము. అవతారమునఁ జలించున దేది, చలింపనిది యేది యని యడుగువారి కిది వ్యాఖ్యానము వంటిది.

ప్రహ్లాదచరిత్రమును నీ వెలుఁగునఁ జదువవలెను. శ్రీహరి యన్నిచోట్ల నున్నాఁడని ప్రహ్లాదునకు దృఢనిశ్చయము. ఆతనికి స్తంభమునుండి యొకరూపము వెడలవలసిన పని లేదు. 'ఈ స్తంభమునఁ జూపఁగలవా' యని యడిగినవాఁడు తండ్రి. స్తంభము చీలినది తండ్రికొఱకు. నీటనున్న చేఁపకు రేవుతోఁ బనిలేదు, గట్టుననున్నవానికే రేవు. వైరముచేఁ గాని యాతనిని దలఁపనేరని హిరణ్యకశిపునకు వైరరూపమైన రేవే దొరికినది. అవతారము భక్తులకొఱకే యని చెప్పుట సగము సత్యము. దిగలేనివా రెవ్వరైనను వారికొఱకే.

ఇచ్చటఁ దెలుఁగు నుడికార మొకటి గమనింపఁదగినది. మనము అవతార 'మెత్తె' నందుము, 'దాల్చె' నందుము, 'చాలించె' నందుము. సంస్కృతమున దిగునది తెలుఁగున నెత్తఁబడినది. అవతారశబ్దమునకు దిగుటయే యర్థమని తెలుఁగువారు తలఁచినచో, దిగుటను 'ఎత్తు' టెట్లు పొసఁగును? ఎత్తఁదగినదియు దాల్పఁదగినదియు వస్తువు గాని క్రియ గాదు. జన్మమెత్తుట యందు జన్మశబ్దము దేహమును జెప్పునట్లే, అవతారమెత్తుట యందు నవతారశబ్దము రూపమును జెప్పుచున్నది. సూత్ర మెఱుఁగని పల్లెవాసి నోట సూత్రార్థము చెడక నిలిచియుండఁగా, సూత్రము చదివిన మేము దానిని జెఱుపుచుంటిమి.

అర్చారూపము

శ్రీవైష్ణవాచార్యులలోఁ బిళ్లై లోకాచార్యులు శ్రీవచనభూషణమున భగవంతుని యైదు రూపములకు నైదు నీళ్లతోఁ బోలిక చెప్పిరి. అంతర్యామి భూగర్భజలము వంటివాఁడు, పరరూపము బ్రహ్మాండమును జుట్టియున్న యావరణజలము, వ్యూహము పాలకడలి, విభవములు వఱదనది, అర్చ యా నది నిలిపిన మడుగు. దప్పిగొన్నవాని దృష్టితోఁ జూచిననే యీ పోలిక తెలియును. భూమిలోపలి నీరు త్రవ్వలేనివానికి లేనట్లే. ఆవరణజలమును బాలకడలియు దూరము. వఱద యా కాలమున నున్నవారి భాగ్యము. మడుగు మాత్రము నేఁటికిని దోసిట కందును. సూతునకుఁ గాలువ తోఁచినది. లోకాచార్యులకు మడుగు తోఁచినది. కాశికాకారునకు నది, దీక్షితులకు బావి. ఇన్ని కాలములవారును, నిన్ని శాస్త్రములవారును నీటియొద్దనే కలిసికొనుట కేవలము కాకతాళీయమని నేననఁజాలను.

మన దేశమున శ్రీకూర్మమునఁ గూర్మరూపమును, సింహాచలమున వరాహనృసింహుఁడును, అహోబలమున నవనారసింహులును గలరు. సింహాచలమున స్వామి సంవత్సరము పొడుగునను జందనముచేఁ గప్పఁబడియుండి, వైశాఖ శుద్ధ తదియనాఁడు మాత్రమే నిజరూపదర్శన మిచ్చును. ఈ యాచారమునకుఁ బౌరాణికులు చెప్పు కారణము లుండనిండు. నా విచారమున కుపయోగించున దిది: కనఁబడుటకై వచ్చిన రూపమును సైతము మనవారు కప్పియుంచి, కనఁబడినంతమాత్రమునఁ దెలిసినట్లు కాదని లోకమునకుఁ జెప్పుచున్నారు.

ఫలితము

ఈ శబ్దార్థ విచారమువలనఁ బ్రయోజన మేమని యడుగువారు గలరు. దీర్ఘమో హ్రస్వమో, భావమో కరణమో, భక్తి కేమి తక్కువ యందురు. తక్కువ గలదు. నేఁడు సజీవులగు మనుష్యులనే యవతారపురుషులని ప్రకటించుట సామాన్యమైనది. అవతారమనఁగా దిగివచ్చుట యైనచో, దిగితినని యెవఁడు చెప్పినను గాదనుటకు మనకు సాధనము లేదు. వచ్చినవాని మాటయే ప్రమాణము. అవతారమనఁగా రేవైనచోఁ బరీక్ష సులభము. ఆ మెట్లమీఁదుగాఁ బోయినవానికి నీ రందినదా, లేదా? నీటిని జూపక తన్నే చూడుమను మెట్టు రాయి మాత్రమే. శబ్దము చెడినప్పుడు మొదటఁ జెడునది వివేకము.

అవతారమనఁగా దిగుట యని వ్రాయు వాచకములయందు 'భగవంతుఁడు మనకు లభించుటకై గ్రహించిన రూపము' అని వ్రాసినఁ జాలును. ఇందుఁ గఠినపదము లేదు. బాలుర ప్రశ్నకుఁ బెద్దలు తడఁబడవలసిన పని లేదు.

మఱునాఁడు నేనా విద్యార్థిని బిలిచి, నిన్నటి నా యుత్తరము సరికాదని యొప్పుకొని, రేవు దృష్టాంతమును జెప్పితిని. వాఁడు కొంత యాలోచించి, "మా యూరి చెఱువురేవున నడుగు మెట్లు నీళ్లలోనే యున్నవి గురువుగారూ, అవి యెంతవఱకున్నవో కనఁబడవు" అనెను. రూపము వేఱు, స్వరూపము వేఱు అని తెగఁగోసినట్లు చెప్పఁబోవుచున్న నే నచ్చట నాగితిని. మెట్టెచ్చట ముగిసినదో, నీరెచ్చట మొదలైనదో గట్టున నిలిచి నిర్ణయించుట సాధ్యము గాదు. శంకరరామానుజుల వివాదమంతయు నా నీటిలోని మెట్టును గూర్చినదే. దానిని దీర్చుట నా వ్యాకరణమునకుఁ జాలదు. దిగినవారు తీర్తురుగాక. ఇందుఁ దప్పులున్నచో విద్వాంసులు సప్రమాణముగాఁ జూపి నన్ననుగ్రహింతురని ప్రార్థించుచున్నాను.